ఆరుగురూ ఒకటేనన్న లెక్క

వైద్య పరిశోధనల్లో గణాంకాలు చూసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. పదవీ విరమణ చేసినవాళ్ల ఇంట్లో కాఫీ దొరుకుతుంది, కాస్త చాదస్తమూ దొరుకుతుంది. మొన్న ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, వైద్యం పనిచేసిందో లేదో తేల్చడానికి రోగుల్ని లెక్కపెడితే చాలదా? వైద్యం చేసినవాళ్లను కూడా లెక్కలోకి ఎందుకు తీసుకోవాలి?" మాత్ర అయితే అక్కర్లేదన్నాను. ఎవరి చేత్తో ఇచ్చినా మాత్ర మాత్రే. మాటే మందైన చోట సంగతి వేరు. అంతవరకే చెప్పగలిగాను. మిగతాది కాఫీ తాగేలోపు చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలు. మా జిల్లాలో వరసగా వానలు పట్టలేదు. వేరుశనగ పోయింది, బోర్లు ఎండిపోయాయి. పురుగుల మందు తాగి ఆసుపత్రికి చేరేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రాణం దక్కినవాళ్లు రెండు మూడు రోజులకు ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. ఏ ఇంట్లో మందు తాగారో ఆ ఇంటికే. ఆ తరువాత ఏమవుతున్నారో ఎవరికీ తెలిసేది కాదు.

నేను పనిచేసే విభాగానికి పెద్ద ఒక మానసిక వైద్యుడు. మేమందరం ఆయన్ని పెద్ద డాక్టరనే అనేవాళ్లం. ఆయన ఒక పరిశోధనకు నిధులు తెచ్చారు. బతికి బయటపడ్డవాళ్లలో సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దానితోపాటు కొన్ని వారాలు కౌన్సెలింగ్. కొన్ని నెలల తరువాత అందరినీ కలిసి నిద్ర ఎలా ఉంది, తిండి సహిస్తోందా, చావాలన్న ఆలోచన ఇంకా వస్తోందా అని అడిగి మార్కులు వేయాలి. చిత్తూరులో ఒక ఆసుపత్రివాళ్లు మాకు గదులిచ్చారు. వారంలో చాలా రోజులు నేనూ అక్కడే ఉండేదాన్ని. కౌన్సెలింగ్ చేయడానికి ఆరుగురిని తీసుకున్నాం. ఆరుగురూ మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదివినవాళ్లే. అందరికీ తిరుపతిలో ఒకే శిక్షణ, చేతిలో ఒకే పుస్తకం. మొదటి వారం ఏం అడగాలి, రెండో వారం ఏం చెప్పాలి అని పెద్ద డాక్టరు స్వయంగా రాసిన పుస్తకం అది. ఆయనకు దాని మీద ఎంత మమకారమంటే, అట్ట కాస్త నలిగినా బాధపడేవారు.

ఏ రోగికి ఏ వైద్యమన్నది చీటీ తీసి నిర్ణయించేవాళ్లం. ఏ రోగి ఏ కౌన్సిలరు దగ్గరికి వెళ్లాలన్నదీ చీటీతోనే తేలాలని నేను పట్టుబట్టాను.

"దానికెందుకమ్మా చీటీ? ఎవురు ఖాళీగా ఉంటే వాళ్లు సూస్తారు" అన్నారు పెద్ద డాక్టరు.

"అట్లయితే మెతకవాళ్ల దగ్గరికి ఒక రకం వాళ్లు, గట్టివాళ్ల దగ్గరికి ఇంకో రకం వాళ్లు చేరతారు సార్. రేపు ఏదైనా తేడా వస్తే అది కౌన్సిలరు వల్లనో రోగుల వల్లనో చెప్పలేం."

"తేడా ఎందుకొస్తాది? పుస్తకం ఒకటే గదా!" అని నవ్వి, నా ముచ్చట ఎందుకు కాదనాలని ఒప్పుకున్నారు.

ఆ ఆరుగురిలో ఇద్దరి గురించే చెప్పాలి. ఒకామెను అందరం అక్కా అనేవాళ్లం. బంగారుపాళ్యం దగ్గర వాళ్ల నాయనకు మామిడితోట ఉండేది. కాపురం కుదరక పుట్టింటికి వచ్చేసి, ఆ తరువాత ఎం.ఏ. చేసింది. రోజూ బస్సులో ఆలస్యంగా దిగేది. ఆసుపత్రి నడవా ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా నవ్వేది. నా టిఫిను డబ్బా అడక్కుండా తెరిచి, "మీ తిరుపతోళ్లకి చట్నీలో కారం ఎయ్యడం రాదు మే" అని వంకపెడుతూనే మొత్తం తినేసేది. రెండో ఆయన నాయుడుపేట మనిషి. అంతకు ముందు బడిలో పనిచేసినందువల్ల మేస్టరనే పేరు నిలిచిపోయింది. నెమ్మదస్థుడు. పెద్ద డాక్టరు పుస్తకం ఆయనకు నోటికి వచ్చు. రోగి వచ్చేసరికి కుర్చీ దుమ్ము దులిపి, పక్కన మంచినీళ్లు పెట్టి సిద్ధంగా ఉండేవారు.

మొదటి విడత లెక్కలు నా చేతికొచ్చాయి. మొత్తం మీద కౌన్సెలింగ్ అందినవాళ్లు కొంత మెరుగ్గానే ఉన్నారు. పెద్ద డాక్టరు ఆ రోజు అందరికీ మైసూరుపాకు తెప్పించారు. నేను మాత్రం ఆ మెరుగు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని రోగుల్ని కౌన్సిలర్ల వారీగా విడదీశాను. చాలా భాగం ఒక్క అక్క దగ్గరికి వెళ్లినవాళ్ల నుంచే వచ్చింది. ఇంకో నలుగురి రోగులు మామూలు వైద్యం అందినవాళ్ల కన్నా కొద్దిగా అటూ ఇటూ ఉన్నారు. మేస్టరు రోగులు మామూలు వైద్యం అందినవాళ్ల కన్నా కూడా వెనకబడి ఉన్నారు.

కాకతాళీయమా అని ఎన్ని విధాలుగానో తిరగేసి చూశాను. చీటీలు తీసి పంచినవాళ్లు కాబట్టి కష్టమైన కేసులన్నీ ఒకరి మీదే పడ్డాయనడానికి లేదు. మేస్టరు విషయం అంత గట్టిగా చెప్పలేను, అది అదృష్టం బాగాలేక కూడా కావచ్చు. అక్క విషయం మాత్రం ఎన్నిసార్లు చూసినా అలాగే నిలబడింది.

కౌన్సెలింగ్ జరిగేటప్పుడు, రోగి ఒప్పుకుంటే, టేపులో రికార్డు చేసేవాళ్లం. పెద్ద డాక్టరూ నేనూ కూర్చుని విన్నాం. పుస్తకం ప్రకారం ఎంత బాగా నడిపారో ఆయన మార్కులు వేశారు. అక్కకూ మేస్టరుకూ దాదాపు సమానంగా వచ్చాయి. మేస్టరుకే కాస్త ఎక్కువ.

అక్క టేపు ఒకటి నాకు ఇంకా గుర్తు. ఒక రైతుతో మాట్లాడుతోంది.

"బోరులో నీళ్లు పడలేదని తెల్సినాక యాడికి పోయినావప్పా?"

"యాడికీ పోలేదు మా. ఆణ్ణే కూచున్నా."

"ఇంట్లో చెప్పినావా?"

జవాబు లేదు. టేపులో బయట బస్సు హారను వినబడింది, ఎవరిదో దగ్గు వినబడింది. అక్క ఏమీ అనలేదు. టేపు అయిపోయిందేమోనని పెద్ద డాక్టరు చెయ్యి చాచారు. అప్పుడు ఆ రైతు, "ఎవురికీ చెప్పలేదు మా" అని ఏడవడం మొదలుపెట్టాడు.

మేస్టరు టేపులోనూ అదే ప్రశ్న ఉంది, ఆగడమూ ఉంది. ఆగమని పుస్తకంలోనే ఉంది కదా. రెండింటికీ తేడా ఏమిటో ఆ వేళా చెప్పలేకపోయాను, ఈ వేళా చెప్పలేను. అక్కనే అడిగితే, "నాకేం తెల్సు మే, నేనూ ఆ పుస్తకమే సదివినా" అంది.

ఇంతలో నిధులిచ్చిన సంస్థ నుంచి ఒక అధికారి వచ్చారు. పరిశోధనను మిగతా జిల్లాలకు పొడిగించాలా, ఇక్కడితో ఆపేయాలా అని తేల్చే సమావేశం అది. పెద్ద డాక్టరు సగటు చూపించి, ఈ పుస్తకం పట్టుకుని ఎవరు చేసినా ఫలితం ఇలాగే ఉంటుందన్నారు. ఏమైనా చెప్తారా అని అధికారి నన్ను అడిగారు. చెప్పాను.

"సార్, ఒకే చెట్టు కాయలు బుట్టెడు తిని తోటంతా తీపే అనలేం. మనం చాలామంది రోగుల్ని చూశామనుకుంటున్నాం. కౌన్సిలర్ల వైపు నుంచి చూస్తే మనం చూసింది ఆరుగురినే. ఒకే కౌన్సిలరు దగ్గరికి వెళ్లిన రోగుల ఫలితాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అది లెక్కలోకి తీసుకుంటే, ఎవరు చేసినా ఇలాగే ఉంటుందన్న ధీమా మనకు ఉండకూడదు. ఫలితం పుస్తకంతో పాటు మనిషిని బట్టి కూడా ఉంది."

ఎవరి ఫలితం ఎలా ఉందో పేర్లు లేకుండా, మనిషికో చుక్క పెట్టి గీసిన బొమ్మ చూపించాను. పేర్లు లేకపోతే ఏం, గదిలో అందరికీ తెలుసు. పెద్ద డాక్టరు బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

అధికారి మాత్రం సంతోషించారు. "చాలా బాగా చెప్పారమ్మా. అయితే ఇంకేం? ఎవరి దగ్గర నయమవుతోందో వాళ్ల దగ్గరికే పంపండి. కష్టమైన కేసులన్నీ ఆవిడకే ఇవ్వండి. వెనకబడ్డవాళ్లకు జీతం దండగ కదా!"

"అలా కాదు సార్. ఆవిడ దగ్గరికి వారానికి కొద్దిమందే వస్తున్నారు. ఆ కొద్దిమందితో వచ్చిన ఫలితం ఇది. మూడింతలు చేస్తే ఏమవుతుందో ఈ అంకెల్లో లేదు. పైగా చీటీలు మానేస్తే రేపు ఎవరినీ ఎవరితోనూ పోల్చలేం."

"మీరు లెక్క చెప్పారు, నేను దాన్ని వాడుకుంటున్నాను. మంచి మందు దొరికితే ఎక్కువమందికి ఇవ్వమంటాం గానీ, తక్కువమందికి ఇవ్వమంటామా?"

మనిషి మాత్ర కాదన్నాను. అందరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు. తరువాత నడవాలో పెద్ద డాక్టరు, "ఒప్పుకోకుంటే మొత్తం ఆపేస్తారమ్మా. ఆరు నెల్లు సూద్దాం" అన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఆగిపోతే ఆ రోగులకు ఏదీ ఉండదన్నది ఆయన భయం, అదీ నిజమే.

మేస్టరునూ ఇంకో ఇద్దరినీ తీసేశారు. వెళ్లే రోజు ఆయన నా గదికి వచ్చి నిలబడే అడిగారు.

"మేడమ్, నా కాడికి వచ్చినోళ్లు నిజంగానే బాగుపడలేదా?"

"కొందరు బాగుపడినారు సార్. మిగతావాళ్ల దగ్గరకన్నా తక్కువమంది."

"ఏం తప్పు చేశానంటారు?"

"తెలీదు సార్. అసలు తప్పు చేశారనీ నేను చెప్పలేను."

తల ఊపి వెళ్లిపోయారు. ఇలాంటి మాట ఒకరి మొహం మీద చెప్పాల్సి వస్తుందని మాకు గణాంకశాస్త్రం క్లాసులో ఎవరూ నేర్పలేదు.

అక్క గది ముందు బెంచీలు సరిపోక జనం నేల మీద కూర్చునేవాళ్లు. మొదట్లో ఆమెకు గర్వంగానే ఉండింది. "సూడు మే, నా తావకి ఎంతమందొస్తా ఉండారో" అని నాకు చూపించింది కూడా. రెండు నెలలకు నా డబ్బా తెరవడం మానేసింది. బస్సు దిగగానే నేరుగా గదిలోకి వెళ్లిపోయేది. ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "ఈ నెల నాది ఎట్లుండాది?" అంది.

"ఒక నెల అంకెలకు అర్థం ఉండదక్కా. అవి చూడొద్దు."

"సూడకుండా ఎట్లుండేది? నేను మంచిదాన్నని నువ్వే గదా చెప్పినావు!"

అప్పటివరకూ తన గదిలో ఏం జరుగుతుందో తనకే తెలియని మనిషి, ఇప్పుడు ప్రతి రోగి మొహంలోనూ తన మార్కు వెతుక్కుంటోంది. కేసులు తగ్గించమని పెద్ద డాక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన దాన్ని పైకి పంపారు. ఆరు నెలలు పూర్తికానివ్వండని జవాబు వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక చిన్న వయసు ఆడమనిషిని అక్కకు అప్పగించారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేది. మందు తాగి బతకడం అది రెండోసారి. మూడు నాలుగు వారాలు క్రమం తప్పకుండా వచ్చింది. ఆమె నిలదొక్కుకుంటుందని అక్కకు ఆశ కలిగింది. తరువాతి వారం వచ్చేసరికి బయట జనం కిక్కిరిసి ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసి, "నీకి తీరిక లేనట్లుండాది. రేపొస్తాలే అక్కా" అంది. అక్క సరే అంది.

ఆమె మరునాడు రాలేదు. ఆ తరువాతి రోజు అంబులెన్సులో వచ్చింది. ఈసారి దక్కలేదు.

అక్క తిరుపతికి వచ్చింది. శిక్షణ అయ్యాక మా ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ బిడ్డని నా లెక్కలోనే ఏసినావా?"

"ఏసినానక్కా."

"ఇంకెవురి లెక్కలో ఏస్తావులే" అని గోడ వైపు చూస్తూ నిలబడింది. "అది రేపొస్తా అనింది. నేను సరే అన్నాను. ముందరైతే అననే! కూచో మే, యాడికి పోతావు అనేదాన్ని. బయట అంతమంది కాసుకోనుంటే... ఒకరు తగ్గినారులే అనుకున్నా. నా మనసులో అదే అనుకున్నా మే."

"అది నీ తప్పు కాదక్కా. అంతమందిని నీ మీద వేసింది మేము."

"ఎవురు ఏస్తేనేమి? సరే అనింది నేనే గదా."

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె పనికి రాలేదు. వారాలు గడిచాక వాళ్ల నాయన ఆఫీసుకు ఫోను చేశాడు. పెద్ద డాక్టరు మందులు రాసి పంపారు. నేను బంగారుపాళ్యం వెళ్లాను. ముసలాయన తోట గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"మాట్లాడదమ్మా. తిండి ముందర పెడితే దాన్నే సూస్తా ఉంటాది. ఇంత నవ్వే బిడ్డ, గమ్మున కూచుంటే నాకి బయమేస్తాది."

వరండాలో అక్క ఉంది. ఆమెకు కాస్త దూరంలో, ప్లాస్టిక్ కుర్చీలో మేస్టరు ఉన్నారు. నేను నిర్ఘాంతపోయాను. ఆయన నాయుడుపేటలో ఏదో కాలేజీలో చేరారు. కబురు తెలిసిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వస్తున్నారట. నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చినప్పుడు అడిగాను.

"ఆమెతో ఏం మాట్లాడతారు సార్?"

"ఏం మాట్లాడను మేడమ్. కూర్చుంటాను. ఇప్పుడు నా చేతిలో పుస్తకం లేదుగదా!"

నెలలు పట్టింది. నాయన కలిపి పెట్టిన ముద్ద తినడం మొదలుపెట్టిందని, తోటలోకి నడుస్తోందని, కూలీల మీద అరిచిందని మేస్టరే ఫోను చేసి చెప్పారు. దీన్ని చూపించి ఆయన గొప్ప కౌన్సిలరని నేను అనను. ఒక మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చున్నాడు. దాన్నుంచి సగటు తీయలేం. కానీ పేర్లు లేకుండా గీసిన ఆ బొమ్మలో అట్టడుగున ఉన్న చుక్క ఆయనది. ఆ బొమ్మ గీసిన చేత్తోనే ఆయనకు నమస్కారం పెట్టాను.

ఇక నివేదిక సంగతి. పరిశోధన ముగిసింది. చివరి ఆరు నెలల్లో అక్క రోగుల ఫలితాలు బాగా పడిపోయాయి. ముందూ వెనకా అన్నీ ఒకే కుప్ప పోసేసరికి ఆమె సగటు మిగతావాళ్ల సగటు దగ్గరికి దిగివచ్చింది. చిత్తు ప్రతిలో ఒక వాక్యం చూశాను: కౌన్సిలర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, పుస్తకాన్ని ఎవరి చేతికైనా ఇవ్వవచ్చు.

పెద్ద డాక్టరు గదికి వెళ్లాను. "చీటీలతో నడిచిన రోజులు వేరు, మానేసిన తరువాతి రోజులు వేరు సార్. రెండూ కలిపితే ఈ లెక్క అబద్ధం చెప్తుంది. తేడా లేకపోవడం కాదు, ఉన్న తేడాను మనమే నలిపేశాం. విడదీసి రాయండి. ఎందుకు పడిపోయిందో కూడా రాయండి."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాస్తే ఏమవుతాదమ్మా? కౌన్సెలింగ్ నమ్మేదానికి లేదంటారు. ఇంకే జిల్లాలోనూ ఎవురికీ ఆ నాలుగు మాటలు కూడా దక్కవు. ఇట్ల రాస్తే కొంతమందికైనా ఎవరో ఒకరు దొరుకుతారు."

"దొరికేది ఎవరన్నదే కదా సార్ మనం కనుక్కున్నది!"

"నువ్వు చెప్పేది నిజమే. కానీ నేను రాయలేను."

నా పేరు తీసేయమన్నాను. తీసేశారు. నివేదిక అచ్చయింది. లెక్కలు చూసినవారన్న చోట ఇంకెవరి పేరో ఉంది. ఆ తరువాత ఆ విభాగంలోనే చాలా ఏళ్లు పనిచేశాను. కౌన్సిలరు పేరు నమోదు చేయకుండా ఏ పరిశోధన కాగితమూ నా బల్ల దాటలేదు. ఒకరికి ఇంతకు మించి రోగుల్ని ఇవ్వకూడదన్న హద్దు మొదటి రోజే రాయించేదాన్ని. నేను చేయగలిగింది అంతే. పిల్లలూ, మీకు తేడా కనబడితే దాచకండి. దాన్ని తీసుకెళ్లి ఎవరి మీద మోపుతారో కూడా ఆ రోజే అడగండి. నేను వద్దన్నాను, వినలేదు. మీ మాట వింటారేమో.

నివేదిక ప్రతి పట్టుకుని మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం వెళ్లాను. అక్కకు చూపించాలా వద్దా అని దారంతా తటపటాయించాను. ఇంకొకరు చెప్పగా వినడం కన్నా నేనే చెప్పడం మేలనిపించింది. తోట పనంతా ఆమే చూసుకుంటోంది. చిక్కిపోయింది. గ్రేడింగు చేస్తున్న కాయల కుప్ప పక్కన కూర్చుని కాగితాలు తిరగేసింది, చదవలేదు.

"నా గురించి ఏం రాసినారు మే?"

"పేర్లు రాయరక్కా. ఆరుగురూ ఒకటేనని రాసినారు. ఎవురు చేసినా ఒకటేనంట."

కోపం వస్తుందనుకున్నాను. నా తరఫున కూడా ఆమే కోప్పడితే బాగుండుననిపించింది. ఆమె కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"మంచిదేలే. ఇంక ఎవుర్నీ మంచిదానివని చెప్పి సంపరు."